సర్కారు పేరు మీద దర్వాజ

1961 వానాకాలంలో నేను నందికొండకు ఇవతల, ఎడమ కాలువ పనుల క్యాంపు ఒకదానిలో స్టోర్సు క్లర్కుగా ఉన్నాను. స్టోర్సు అంటే మేకు మొదలుకొని సిమెంటు బస్తా దాకా పనికి కావలసిన ప్రతి వస్తువునూ తెప్పించి, చూసి, దించుకొని, అడిగినవాళ్లకు ఇచ్చే చోటు. చుట్టూ ఎర్రమట్టి, గుండ్లు, సీతాఫలం పొదలు. సిబ్బంది అందరం కుటుంబాలతో సహా రేకుల షెడ్లలో ఉండేవాళ్లం. ఎండకు రేకు కాలిపోయేది. వాన పడితే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినపడేది కాదు. అందుకని ఆ ఏడు రాతి గోడలతో క్వార్టర్లు కట్టడానికి మంజూరు వచ్చిందంటే క్యాంపంతా పండగ చేసుకున్నట్టే ఉండింది.

మాది మోత్కూరు దగ్గర. మగ్గం నేసే ఇల్లు. నాయిన నేత నేసి నన్ను చదివించాడు, నేను ఉర్దూ మీడియం చదివి దఫ్తరు ఉద్యోగంలో పడ్డాను, మహబూబ్‌నగర్‌లో కొన్నేళ్లు చేసి ఇక్కడికి బదిలీ అయ్యాను. నా స్వభావం గురించి ఒక్కమాట ముందే చెబుతాను. ఏ విషయమైనా నాకు అర్థం కాకపోతే కోపం వస్తుంది. ఆ కోపం వల్ల నాకు ఒక్క మేలు జరిగిన గుర్తు లేదు. అయినా పోలేదు.

అప్పటిదాకా మేము ఏం కొన్నా టెండరు పిలిచి కొనేవాళ్లం. టెండరు అంటే, ఫలానా సరుకు కావాలి, ఎంతకు ఇస్తారో మూసిన కవరులో రాసి ఇవ్వండి అని నలుగురినీ అడగడం. అందరిలోకీ తక్కువ రాసినవాడిదే సరుకు. ఇందులో బుర్రకు పని తక్కువ, తగాదాలు తక్కువ. అందుకే నాకు టెండరు అంటే ఇష్టం.

ఆ ఏడు పైనుంచి కొత్త ఉత్తరువు వచ్చింది. క్వార్టర్లకు కావలసిన సరుకులో చుట్టుపక్కల ఊళ్లలో దొరికేది అక్కడే కొనాలి. ముఖ్యంగా జలాశయం కింద మునిగిపోయే ఊళ్ల పనివాళ్లు సంఘం కట్టుకొని వస్తే వాళ్లకు టెండరు లేకుండానే పని ఇవ్వాలి. ఇక్కడ జరిగే కట్టుబడి వల్ల ఇక్కడి మనుషులే బతకాలి అని పై పేరాలో ఉంది. ధర పెరగకూడదు, నాణ్యత తగ్గకూడదు, గడువు దాటకూడదు అని కింది పేరాలో ఉంది. పైది చదివితే ఒక మనసు, కిందిది చదివితే ఇంకో మనసు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం.

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారిది గుంటూరు వైపు. పెద్దమనిషి, మంచివాడే కానీ తొందర ఎక్కువ. ఆ కాగితం పట్టుకొని ఆయన దగ్గరికి వెళ్లాను.

"సార్, ఇందులో ఏది చెయ్యమంటారు? పైదా, కిందిదా?"

"రెండూ చెయ్యమనేగదయ్యా రాసింది."

"రెండూ ఒకసారి కుదరకపోతే?"

"కుదిరేటట్టు చూడ్డానికే నిన్ను పెట్టుకుంది," అని ఆయన మళ్లీ మ్యాపు మీదికి వంగిపోయారు.

క్వార్టర్లకు మొదట కావలసింది ద్వారబంధాలు. మా వైపు ద్వారబంధాన్నే దర్వాజ అంటారు. రాతిగోడ కట్టేటప్పుడు పునాది నేల మీదికి రాగానే ముందు దర్వాజ నిలబెట్టి, దాన్ని ఆనుకొని గోడ లేపుతారు. దర్వాజ రాకపోతే మేస్త్రీ చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ ఏజెంటు అప్పటికే నమూనా దర్వాజ లారీలో తెచ్చి మా షెడ్డు ముందు నిలబెట్టి పోయాడు. అన్నీ ఒకే కొలత, మిషను కోత, కావాలంటే నెలలోపల వస్తాయి. ఉత్తరువు లేకపోతే నేను ఆ రోజే సంతకం పెట్టించి ఉండేవాణ్ణి.

వడ్లవాళ్ల, అంటే వడ్రంగుల, సంఘం కృష్ణ ఒడ్డున ఒక ముంపు ఊళ్లో ఉంది. దాని పెద్ద వడ్ల బ్రహ్మయ్య. యాభై దాటిన మనిషి, బక్కపలచగా, చెవికి పెన్సిలు ముక్క. నేను వెళ్లేసరికి ఊరు ఉసూరుమంటూ ఉంది. మునిగిపోయే ఊళ్లో ఎవరూ కొత్త ఇల్లు కట్టరు, కొత్త నాగలి చేయించరు, పెళ్లికి మంచం కూడా చేయించరు. కాబట్టి నీళ్లు రాకముందే వడ్లవాళ్ల పని మునిగిపోయింది. రెండు కుటుంబాలు అప్పటికే బొంబాయి పోయాయి. మిగిలినవాళ్లు బ్రహ్మయ్య మాట మీద ఆగారు.

"గీ పని దొరికితె ఉంటరు సారూ," అన్నాడు బ్రహ్మయ్య. "లేకుంటె దసరా ఎల్లంగనె తలో దిక్కు పోతరు. ఒక్కసారి పోయినోడు మల్ల రాడు. రేపు కొత్తూరు కడితె అండ్ల నాగలి చెక్కెటోడు గూడ ఉండడు."

నా మనసు మెత్తబడింది. మా నాయిన కూడా నూలు దొరకని రోజుల్లో షోలాపూరు పోదామని మూట కట్టి, మళ్లీ విప్పిన మనిషి. ఇండెంటు, అంటే ఫలానా పనికి ఫలానా సరుకు కావాలని మేము రాసే కాగితం, దాంతోపాటు కొలతలున్న డ్రాయింగు ఆయన చేతిలో పెట్టాను. కర్ర అమ్రాబాదు అడవి నుంచి, సర్కారు డిపో ద్వారా మేమే ఇప్పిస్తాం, మద్ది కర్ర. పని వాళ్లది. బ్రహ్మయ్య డ్రాయింగు అటూ ఇటూ తిప్పి చూశాడు. కొలతలు చదివి తల ఊపాడు.

"ఇల్లు ఎవరిది సారూ?" అని అడిగాడు.

"సర్కారుది."

"అండ్ల ఉండేది?"

"స్టాఫు."

"మంచిగ," అన్నాడు. నేను లేచి వచ్చేశాను. ఆ 'మంచిగ' అనే మాటకు అర్థం ఏమిటో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఇది జరిగిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఇంటికి వెళితే మా ఆవిడ మూతి ముడుచుకొని ఉంది. జొన్నరొట్టె పళ్లెంలో వేసి, "మనమేం పాపం చేసినం?" అంది.

"ఏమైంది?"

"లైన్ల అందరి పేర్లు రాసుకొని పోయిన్రు. మన ఇంటి కాడికి రాలే."

"ఎవరు రాసుకున్నారు?"

"వడ్లోళ్లు. ఇంట్ల పెద్ద ఎవలు, పేరేంది, అని అడిగిన్రట. ఎవల పేరు రాసుకున్నరో వాళ్లకె కొత్త ఇండ్లంట. మీరు స్టోర్ల ఉండి ఏం లాభం?"

పళ్లెం పక్కకు జరిపాను. క్వార్టర్లు కట్టేది కొన్నే, షెడ్లలో ఉన్న కుటుంబాలు దానికి ఎన్నో రెట్లు. ఎవరికి ఇవ్వాలన్నది ఇంజనీరు గారు తేల్చాలి, అది కూడా ఇళ్లు లేచాక. వడ్రంగులు వచ్చి పేర్లు రాసుకోవడం ఏమిటి? ఇల్లు కేటాయించే అధికారం ఎవరికో అమ్ముడుపోయిందేమోనని నాకు అనుమానం వచ్చింది. పొద్దున ఆఫీసుకు పోతే అక్కడ ఇంకో వింత. టైపిస్టు నా బల్ల దగ్గరికి వచ్చి, తన పేరు రాసుకున్నారు కానీ ఇంటిపేరు రాసుకోలేదు, పరవాలేదా అని గొంతు తగ్గించి అడిగాడు. ఓవర్సీరు ఒకాయన వడ్లవాళ్లకు ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ పోశాడట. ఇంకొకాయన తమ్ముడి పేరు కూడా రాసుకొమ్మని బతిమాలాడట. పేరు రాయించుకోని వాళ్లు నావైపు శత్రువును చూసినట్టు చూస్తున్నారు.

మధ్యాహ్నం ఇంజనీరు గారు పిలిచారు.

"ఏమయ్యా, ఎలాట్‌మెంటు మన చేతుల్లోంచి వడ్రంగుల చేతికి పోయిందటగా?"

"నాకేమీ తెలియదు సార్."

"నీకు తెలియకుండా వాళ్లు క్యాంపులోకి ఎలా వచ్చారు?"

కర్ర డిపో నుంచి వస్తున్న బ్రహ్మయ్యను దారిలో ఆపి గట్టిగా అడిగాను. ఆయన నా కోపం చూసి ఆశ్చర్యపోయాడు.

"పేర్లు గావాలె గద సారూ, పనికి."

"పనికి పేర్లెందుకు?"

"పేర్లు లేకుంటె పనెట్లయితది?" అని ఆయన నన్నే అడిగాడు. ఒకదానికొకటి కలిసిపోకుండా కర్ర మీద సుద్దతో పేర్లు రాసుకుంటారు కాబోలు అనుకున్నాను. ఆ మాటే ఇంజనీరు గారికి చెప్పాను. ఆయన కూడా అలాగే అనుకొని, 'క్వార్టర్లు ఎవరికీ కేటాయించలేదు' అని గోడ మీద ఒక నోటీసు అంటించారు. నోటీసు చూశాక ఏదో ఉంది కాబట్టే నోటీసు వేశారని జనం ఇంకా గట్టిగా నమ్మారు.

మొదటి వరుస దర్వాజలు ఎడ్ల బండ్ల మీద వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ముసురు పడుతోంది. మద్ది కర్ర, చిత్రిక పట్టి నున్నగా చేసిన అంచులు, పై అడ్డకర్ర మీద చిన్న పువ్వు. మేం అడగని పువ్వు అది, అయినా బాగుంది. నేను సంతోషంగా టేపు తీసి మొదటిది కొలిచాను. డ్రాయింగు కంటే రెండు వేళ్లు ఎత్తు ఎక్కువ. సరే, ఒకటి తప్పింది అనుకున్నాను. రెండోది కొలిచాను. డ్రాయింగు కంటే పొట్టి. మూడోది ఎత్తు సరిపోయింది, వెడల్పు సరిపోలేదు. అన్నీ కొలిచాక టేపులోనే తప్పుందేమోనని ఓవర్సీరు టేపు తెప్పించి మళ్లీ కొలిచాను. ఏ రెండూ ఒక్కలా లేవు.

తప్పు చేసేవాళ్లు కూడా ఏదో ఒక వైపు తప్పు చేస్తారు. అన్నీ పొట్టి అవుతాయి, లేదా అన్నీ పొడుగు అవుతాయి. ఇలా ఒక్కొక్కటి ఒక్కో రకంగా తప్పడం నేను ఎక్కడా చూడలేదు. తల ప్రాణం తోకకు వచ్చింది.

"బ్రహ్మయ్యా, డ్రాయింగు ఏం చేసినవు?"

"దగ్గరనె ఉన్నది సారూ. దాని ప్రకారమె చేసినం. ఆయం చూసి జర సవరించినం, అంతె."

అప్పుడు చెప్పాడు. ఇంటి పెద్ద పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం, నక్షత్రాన్ని బట్టి ఆయం, అంటే ఆ మనిషికి కలిసొచ్చే కొలత లెక్క, ఆయాన్ని బట్టి దర్వాజ ఎత్తూ వెడల్పూ. తాతల నాటి నుంచి వాళ్లు పేరు లేకుండా ఒక్క దర్వాజ కూడా చేయలేదు. ఒకరి పేరు మీద చేసిన దర్వాజ ఇంకొకరి ఇంటికి పెడితే ఆ ఇంట్లో మనిషి నిలవడని వాళ్ల నమ్మకం. ఉండేది స్టాఫు అని నేను చెప్పాను కాబట్టి స్టాఫు పేర్లు కనుక్కోవడానికి క్యాంపుకు వచ్చారు. అదీ సంగతి.

ఇంతవరకూ ఒక గందరగోళం. దాని కింద ఇంకొకటి ఉంది, ఆయన రాసుకున్న పేర్లు చదివిస్తే బయటపడింది. వాళ్లు వెళ్లింది పగటిపూట. మగవాళ్లందరం కాలువ గట్టు మీదో ఆఫీసులోనో ఉన్నాం. ఇంట్లో ఉన్నది ఆడవాళ్లు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరు. కొందరు పెద్దకొడుకు పేరు చెప్పి 'వాని బాపు' అన్నారు. ఇంకొందరు మామ పేరు చెప్పారు. ఒకావిడ 'ఏడుకొండలాయన' అని గుర్తు చెప్పింది, దాన్ని వీళ్లు వెంకటయ్య అని రాసుకున్నారు, ఆయన అసలు పేరు శ్రీనివాసు. కాబట్టి ఆ దర్వాజలలో కొన్ని పాకే పిల్లల పేర్ల మీద, ఒకటి చనిపోయి చాలా ఏళ్లయిన ముసలాయన పేరు మీద, ఇంకొకటి అసలు లేని మనిషి పేరు మీద తయారై వచ్చాయి. ఈ మాట విని బ్రహ్మయ్య ముఖం పాలిపోయింది. ఆయం తప్పింది కదా మరి. మాకు డ్రాయింగు తప్పిందని బాధ, ఆయనకు పేర్లు తప్పాయని బాధ. ఒకరి బాధ ఒకరికి అర్థం కాక, ఇద్దరం ఆ ముసురులో దర్వాజల మధ్య తడుస్తూ నిలబడ్డాం.

ఇంజనీరు గారు వచ్చి చూశారు. స్పెసిఫికేషను, అంటే సరుకు ఎలా ఉండాలో ముందే రాసుకున్న షరతు, తప్పితే తిప్పి పంపడమే నియమం. హైదరాబాదు ఏజెంటు నమూనా ఇంకా షెడ్డు ముందు నిలబడే ఉంది. తిప్పి పంపితే సంఘం అక్కడితో ఆగిపోతుంది. బ్రహ్మయ్యతో వచ్చిన వడ్లవాళ్లు బండ్ల పక్కన చేతులు కట్టుకొని మా ముఖాలే చూస్తున్నారు. వాళ్లు బొంబాయి పోతారా, ఇక్కడ ఉంటారా అన్నది ఆ పూట మా నోటి మాటలో ఉంది. ఆ సంగతి తలచుకుంటే నాకు భయం వేసింది.

"ఏమయ్యా పెద్దాయనా," అన్నారు ఇంజనీరు గారు, "ఇవి గవర్నమెంటు ఇళ్లు. ఇవాళ ఒకడుంటాడు, రేపు బదిలీ అయి ఇంకొకడు వస్తాడు. వీటికి ఆయాలేమిటి?"

"మీ సొంతింటికి చూపిచ్చిన్రా సారూ, ఆయం?"

ఇంజనీరు గారు దర్వాజ మీది పువ్వును వేలితో తడిమారు. "చూపించాం. మా నాన్నగారు చూపించారు. అది వేరు."

"ఏరు అనె నేను గూడ అనుకున్న. గందుకె అడుగుతున్న. ఇల్లు సర్కారుది, ఉండేది ఒగాయిన, మల్ల పోతడంటున్నరు. దర్వాజ ఎవల పేరు మీద చెయ్యాలె? చెప్పున్రి, అట్లనె చేస్త."

ఆయన ఎత్తిపొడుస్తున్నాడేమోనని ముఖంలోకి చూశాను. లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత తిప్పలు పడ్డాక ఇంకా పేరు అడుగుతాడేమిటి అని. "సర్కారు పేరు మీద చెయ్యి," అన్నాను విసురుగా. "అన్నీ సర్కారు పేరు మీదనే చెయ్యి, పో."

నేను విసుక్కొని అన్న మాట అది. బ్రహ్మయ్య మాత్రం కళ్లు సగం మూసుకొని వేళ్ల కణుపులు లెక్కపెట్టుకున్నాడు. "సర్కారు. స. శతభిషం," అన్నాడు. "అయితది సారూ. అన్ని ఒక్కతీరు వస్తయి. డ్రాయింగు కన్న ఒక్క అంగుళం ఎత్తు గావాలె."

ఇంజనీరు గారు ఆయన వైపు చూశారు, నావైపు చూశారు. "ఒక్క అంగుళమేనా?" అన్నారు.

"ఒక్కటె."

"డ్రాయింగే మారుద్దాం," అన్నారు ఆయన.

ఆ విధంగా ప్రభుత్వానికి జన్మనక్షత్రం కుదిరింది. మొదట వచ్చిన వరుస సంగతి మిగిలింది. పునాదులు అప్పుడే నేల మీదికి వచ్చాయి, గోడలు ఇంకా లేవలేదు. ఏ దర్వాజ పెడితే దాని ప్రకారం గోడ లేపుకోవచ్చు. ఇంజనీరు గారు డీవియేషన్ స్టేట్‌మెంటు రాయించారు. అనుకున్నదానికీ చేసినదానికీ తేడా ఎందుకొచ్చిందో పైవాళ్లకు చెప్పే కాగితం అది. కారణం ఏం రాయాలో మా ఇద్దరికీ తోచలేదు. చివరికి 'స్థానిక పని పద్ధతి' అని రాశాం. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్లకూ అర్థం కాలేదేమో.

ఇక్కడ ఇంకో మలుపు ఉంది. దర్వాజలు ఒక్కొక్కటి ఒక్కో కొలత కాబట్టి ఆ వరుసకు తలుపు రెక్కలు హైదరాబాదు కంపెనీ చేసి పంపడం కుదరదు. ఒక్కో దర్వాజకూ ఎదురుగా నిలబడి కొలిచి చేయాలి. ఆ పని కూడా బ్రహ్మయ్య వాళ్లకే పోయింది. ఏజెంటు నమూనా లారీలోకి ఎత్తించుకుంటూ, "క్లర్కు సాబ్, ఆ ముసలాయన చాలా హుషార్, గట్టి తెలివి," అన్నాడు నాతో. బ్రహ్మయ్య కావాలనే అలా చేశాడా? నేను ఎన్నోసార్లు ఆలోచించాను. పేర్లు తప్పాయని తెలిసినప్పుడు పాలిపోయిన ఆ ముఖం గుర్తొస్తే కాదనిపిస్తుంది. తలుపుల ఆర్డరు తీసుకున్నప్పుడు మీసాల కింద కనబడిన నవ్వు గుర్తొస్తే ఏమో అనిపిస్తుంది. ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇళ్లు లేచాయి. కేటాయింపు అయ్యేసరికి పేర్లిచ్చిన వాళ్లలో సగం మంది బదిలీ అయిపోయారు. మాకు వచ్చిన ఇల్లు ఎవరో డ్రైవరు గారి మూడేళ్ల కొడుకు పేరు మీద చేసినది. మా ఆవిడ మొదట లోపలికి రానంది. తర్వాత గడపకు పసుపు రాసి, ఆ పిల్లవాడు చల్లగా ఉండాలని దండం పెట్టుకొని లోపలికి వచ్చింది. వానలో ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడింది. అదే మాకు స్వర్గం. అందరూ అంత తేలిగ్గా సర్దుకోలేదు. ఇళ్లు మార్చుకుంటామని దరఖాస్తులు, మా ఇంట్లో జ్వరాలకు దర్వాజే కారణమని ఫిర్యాదులు, అన్నీ స్టోర్సుకే వచ్చేవి. దర్వాజలు కొన్నది నేను కదా. సర్కారు పేరు మీద చేసిన వరుసలో మాత్రం ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. అవి తమవి అని ఎవరూ అనుకోలేదు, కాబట్టి పేచీ రాలేదు.

సంఘం నిలబడింది. క్యాంపు దవాఖానకు, బడికి, నకిరేకల్ వైపు కట్టిన గోదాములకు కూడా వాళ్లే తలుపులు చేశారు. బొంబాయి పోయిన రెండు కుటుంబాలలో ఒకటి తిరిగి వచ్చింది. ఉత్తరువులోని పై పేరా, కింది పేరా రెండూ నెరవేరాయని నేను ఎక్కడికి పోయినా చెప్పుకునేవాణ్ణి. ఇంజనీరు గారు బదిలీ అయి పోతూ, "మనం చేసిన మంచి పనుల్లో ఇదొకటయ్యా," అన్నారు. నాకు గర్వంగా ఉండేది.

కొన్నేళ్లకు జలాశయంలో నీళ్లు నిలవడం మొదలైంది. నది ఒడ్డు ఊళ్లు ఖాళీ అయ్యాయి. బ్రహ్మయ్య ఊరికి ఎగువన గుట్టల మధ్య స్థలాలు ఇచ్చారు. జనం దాన్ని కొత్తూరు అనేవారు. ఆ కొత్తూరులోనే బడి కడుతున్నారు, తలుపుల ఇండెంటు పట్టుకొని నేను వెళ్లాను. ఇళ్లన్నీ వరుసగా, మట్టితో కట్టిన రాతిగోడలు, మీద రేకులు. చాలా ఇళ్లకు పాత ఊరి నుంచి విప్పుకొచ్చిన తలుపులు ఉన్నాయి. బ్రహ్మయ్య ఇల్లు అడిగితే వరుస చివర చూపించారు.

గోడలు ఉన్నాయి, రేకులు ఉన్నాయి. ద్వారం ఉండవలసిన చోట ఖాళీ వదిలి, గోనె సంచులు కుట్టిన పరదా వేలాడదీశారు. ఒక పాత దర్వాజ బయట గోడకు ఆనించి ఉంది, దాని మీద తాటాకులు కప్పారు. బ్రహ్మయ్య పరదా తొలగించుకొని బయటికి వచ్చి నాకు మంచం వాల్చాడు. మనిషి వంగిపోయాడు.

ఇండెంటు సంగతి తర్వాత, ముందు నేను ఇదే అడిగాను. "జిల్లా సగానికి దర్వాజలు పెట్టినవు. నీ ఇంటికి పెట్టుకోలేదేంది?"

"ఎవల పేరు మీద పెట్టాలె సారూ?" అన్నాడు.

"నీ పేరు మీద. ఇంకెవరి పేరు?"

"జాగ నా పేరు మీద గాలే. పట్ట ఇస్తమన్నరు. అడిగితె ఇంక సర్కారు పేరు మీదనె ఉన్నదంటరు. మల్ల ఎప్పుడన్న లేపి ఇంకో దిక్కు పొమ్మంటరేమొ, ఎవలకెరుక?"

"ఆ పాతదైనా పెట్టుకోరాదా?"

"అది మా బాపు పేరు మీదిది. ఆ ఇంటికె చేసింది. ఆ ఇల్లు ఇప్పుడు నీళ్లల్ల ఉన్నది."

ఏదో ఒకటి చెప్పాలి కదా అని, తేలికగా నవ్వుతూ అన్నాను. "సర్కారు పేరు మీద పెట్టు. లెక్క నీకు తెలిసిందే గద. మా క్యాంపుల పెట్టినవు, అండ్ల అందరు బాగనే ఉన్నరు."

బ్రహ్మయ్య నవ్వలేదు. "గది మీకు నడుస్తది సారూ," అన్నాడు. "మీరు నాలుగేండ్లు ఉంటరు, పోతరు. నేను ఈడనె సచ్చేటోణ్ణి."

వచ్చిన కోపం ఎవరి మీదో తెలియలేదు. అక్కడి నుంచి నేరుగా తాలూకా ఆఫీసుకు పోయి అడిగాను. పట్టాలు మా దగ్గర కావు, పునరావాసం వాళ్ల దగ్గర అన్నారు. అక్కడ అడిగితే సర్వే కాలేదన్నారు. సర్వేవాళ్లు కాగితం పైకి పంపామన్నారు. పైన ఎవరున్నారో ఎవరూ చెప్పలేకపోయారు. స్టోర్సు క్లర్కుకు పట్టాలతో పనేమిటని ఒకాయన వింతగా అడిగాడు.

ఈ అనుభవం నాకు నేర్పింది ఏమిటని తర్వాత చిన్న ఉద్యోగులు అడిగినప్పుడు నేను ఒక మాట చెప్పేవాణ్ణి. ఇక్కడివాళ్ల దగ్గర కొనండి, తప్పకుండా కొనండి, పని దొరికితే ఊరు విడిచిపోయే మనిషి ఆగుతాడు, అది నేను కళ్లారా చూశాను. కానీ అంతటితో వాళ్లకు మేలు జరిగిపోయిందని సంతోషపడకండి. సరుకు ఎలా చేస్తావని అడిగే ముందు, నువ్వు ఉండే చోటు నీదేనా అని కూడా ఒకసారి అడగండి. అడిగి ఏం చేయాలో నాకూ తెలియదు, స్టోర్సులో దానికి ఇండెంటు లేదు. బడి తలుపులు బ్రహ్మయ్య గడువు లోపలే చేసి ఇచ్చాడు, చాలా బాగా చేశాడు. నేను అక్కడి నుంచి బదిలీ అయి పోయేనాటికి ఆయన ఇంటికి దర్వాజ లేదు.